రెండు వృత్తుల వీరుడు: ఇంటి రూల్స్ చరిత్ర

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, తారీఖులు గుర్తుకొస్తాయి. కానీ ఆటల రూల్స్‌కి కూడా చరిత్ర ఉంది. ఆ చరిత్రలో సగం రాజులు రాసింది కాదు, ఇళ్లల్లో కూర్చుని ఆడుకున్నవాళ్లు రాసింది.

బెంగళూరులో చౌకాబారా తెలియని పాత వీధి ఉండదు. తెలుగులో మనం అష్టాచెమ్మా అంటాం. ఇరవై ఐదు గడులు, నాలుగు గవ్వలు, మనిషికి నాలుగు కాయలు. ఆట ఒకటే అయినా రూల్స్ ఇంటింటికీ మారతాయి. మా ఇంట్లో ఎదుటివాళ్ల కాయను ఒక్కటైనా చంపనిదే లోపలి వరసలోకి పోకూడదు. ఎదురింటివాళ్లకు ఆ రూల్ లేదు. ఇంకో రూల్ కూడా ఉంది. మన కాయలు రెండు ఒకే గడిలో చేరితే వాటిని కలిపి ‘గట్టి’ చేసుకోవచ్చు. ఒంటి కాయ గట్టిని చంపలేదు, ఇంకో గట్టి రావాల్సిందే. కానీ గట్టికి సరిసంఖ్య పడితేనే నడక, అదీ సగమే. నాలుగు పడితే రెండు గడులు, ఎనిమిది పడితే నాలుగు. మూడు పడిందా, ఉన్నచోటే కూర్చోవాలి.

అంటే రెండిటిని కలిపితే బలం పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. కలుపుకోవడానికి ఒక వెల ఉంది అన్నమాట. ఈ వెల ఎంత ఉండాలి, ఎవరు నిర్ణయించాలి అన్న ప్రశ్న చుట్టూ ప్రపంచంలో పెద్ద చర్చే జరిగింది. ఆ చర్చ జరిగింది డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే అమెరికా ఆట విషయంలో. అక్కడికి పోయే ముందు మన దగ్గరున్న ఉదాహరణలు రెండు మూడు చూద్దాం.

మన కథల్లో, మన చరిత్రలో

విశ్వామిత్రుడు మొదట రాజు. వసిష్ఠుడి తపోబలం ముందు తన సైన్యం పనికిరాలేదని తెలుసుకుని రాజ్యం వదిలేశాడు, తపస్సు చేశాడు, చివరికి బ్రహ్మర్షి అయ్యాడు. ఒక వృత్తి వదిలి ఇంకో వృత్తికి మారడం ఇది. ద్రోణుడు అలా కాదు. వేదాలు చదివినవాడే విల్లు పట్టాడు, రెండూ ఒకేసారి ఉంచుకున్నాడు. కాబట్టి రెండు విద్యలు రావడానికి రెండు దారులు ఉన్నాయి: మారడం, కలపడం. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది.

హిరణ్యకశిపుడి కథ ఇంకా తమాషాగా ఉంటుంది. అతడి వరం ఒక రూల్ పుస్తకం లాంటిదే. మనిషి చేత చావకూడదు, మృగం చేత చావకూడదు, పగలు కాదు, రాత్రి కాదు, ఇంట్లో కాదు, బయట కాదు. రెండిటిని కలిపిన రూపం ఒకటి వస్తుందని ఆ రూల్స్‌లో రాసుకోలేదు. నరసింహుడు ఆ సందులోంచే వచ్చాడు. ఆటలు ఆడేవాళ్లు ఈ కథ నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. రెండిటిని కలిపితే ఏమవుతుందో ముందే రాసుకోకపోతే ఆట ఎటు పోతుందో చెప్పలేం.

చరిత్రకు వస్తే 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు ఉన్నాడు. ఆయన బిరుదు సాహితీ సమరాంగణ సార్వభౌముడు. సాహిత్యం, యుద్ధం రెండూ ఒకే బిరుదులో ఉన్నాయి. కన్నడ నేల మీద రాజధాని పెట్టుకుని తెలుగులో ఆముక్తమాల్యద రాశాడు. 1537లో బెంగళూరు కోట కట్టిన కెంపేగౌడ విజయనగరానికి సామంతుడే. కాబట్టి రెండు భాషలు, రెండు విద్యలు ఒకే మనిషిలో ఉండటం ఈ ప్రాంతానికి కొత్త కాదు.

మైసూరు రాజు ఆటలు, చదరంగంలో మంత్రి

ఇంటి రూల్స్‌ని అందరికంటే పెద్ద ఎత్తున తయారు చేసిన మనిషి మన పక్కనే మైసూరులో ఉండేవాడు. మూడో కృష్ణరాజ ఒడెయరు 1794లో పుట్టాడు. 1799లో టిప్పు సుల్తాన్ చనిపోయాక బ్రిటిష్‌వాళ్లు ఐదేళ్ల ఈ పిల్లవాణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టారు. 1831లో పరిపాలన మళ్లీ వాళ్లే తీసేసుకున్నారు. 1868లో చనిపోయేదాకా ఆయన పేరుకు రాజే గాని చేతిలో అధికారం లేదు. ఆ కాలాన్ని ఆయన కళలకు, ఆటలకు ఇచ్చాడు. శ్రీతత్త్వనిధి అనే పెద్ద గ్రంథంలో కౌతుకనిధి అనే భాగం ఆటల గురించే. గంజీఫా అనే గుండ్రటి పేకల ఆటను పెంచి పెంచి 360 పేకల దాకా తీసుకెళ్లాడు. చదరంగంలో గుర్రం అన్ని గడులూ ఒక్కోసారి తొక్కుతూ తిరిగే చిక్కును స్వయంగా సాధించాడు. మైసూరు జగన్మోహన ప్యాలెస్ గోడల మీద ఆయన ఆటల బొమ్మలు ఉన్నాయి. రాజ్యం నడిపే రూల్స్ ఆయన చేతిలో లేవు, ఆట నడిపే రూల్స్ మాత్రం ఆయనవే.

అయితే 360 పేకల ఆట ఆడేవాళ్లు నాకు ఎక్కడా కనపడలేదు. నాలుగు గవ్వల ఆట మాత్రం ప్రతి వీధిలో కనపడుతుంది. ఇంటి రూల్ బతకాలంటే పక్కింటివాళ్లు ఒక్క పూటలో నేర్చుకోగలగాలని నాకు అనిపిస్తుంది.

చదరంగంలో కూడా కలపడం జరిగింది. పాత ఆటలో మంత్రి చాలా బలహీనుడు, మూలగా ఒక్క గడి జరిగేవాడు. దాదాపు 1475 ప్రాంతంలో స్పెయిన్‌లో కొత్త రూల్ వచ్చింది. ఏనుగు నడక, శకటు నడక రెండూ కలిపి మంత్రికి ఇచ్చారు. ఆ రూల్ ప్రపంచమంతా పాకింది. 1617లో ఇటలీవాడు పియెత్రో కర్రేరా ఇంకా ముందుకు పోయి గుర్రాన్ని ఏనుగుతో కలిపి ఒక కాయ, శకటుతో కలిపి ఒక కాయ తయారు చేశాడు. 1920లలో ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకా కూడా అలాంటి కాయలతో 80 గడుల పలక పెట్టాడు. అవి మామూలు ఆటలో నిలవలేదు.

మంత్రికి రెండు నడకలు ఇచ్చినా ఎవరికీ అన్యాయం జరగలేదు. ఎందుకంటే తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ ఒక్కో మంత్రి ఉన్నాడు. కానీ ఒక్కో మనిషి తనకు కావాల్సిన బలాన్ని తానే ఎంచుకునే ఆట వస్తే? అప్పుడు వెల కట్టకుండా కుదరదు. ఆ ఆట 1974లో వచ్చింది.

1974: కథ చెప్పే ఆట

1974 జనవరిలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి డంజన్స్ అండ్ డ్రాగన్స్ బయటికి వచ్చింది. తయారు చేసినవాళ్లు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, ధర 10 డాలర్లు, మొదట అచ్చు వేసింది 1000 పెట్టెలే.

పెద్దవాళ్ల కోసం ఈ ఆట గురించి రెండు మాటలు. దీనికి చదరంగం లాంటి పలక అక్కర్లేదు. బుర్రకథలో కథకుడు కథ నడుపుతుంటే పక్కన వంతలు మాట కలుపుతారు కదా, అలాగే ఇక్కడ ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర. “గుహలో చీకటిగా ఉంది, ఏం చేస్తావు?” అని కథ నడిపేవాళ్లు అడుగుతారు. మనం చెబుతాం. అది జరిగిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. ప్రతి పాత్రకు ఒక వృత్తి ఉంటుంది. ఇంగ్లీషులో దాన్ని క్లాస్ అంటారు, మనకు అది తరగతితో కలిసిపోతుంది కాబట్టి మేం వృత్తి అనే అంటాం. మొదటి పుస్తకాల్లో మూడే వృత్తులు: యోధుడు, మంత్రగాడు, పూజారి. సాహసాలు చేసేకొద్దీ అనుభవం పాయింట్లు వస్తాయి, అవి పెరిగితే లెవెల్ పెరుగుతుంది.

ఈ మూడింటిలో పూజారి పుట్టిందే ఒక ఇంటి రూల్‌గా. ఆర్నెసన్ ఇంటి ఆటలో ఒకరు రక్తపిశాచి పాత్ర తీసుకుని ఎవరికీ అందనంత బలవంతుడైపోయారు. దాన్ని అడ్డుకోవడానికి కొంచెం యుద్ధం, కొంచెం దైవబలం కలిపి ఒక కొత్త పాత్రను తయారు చేశారు. అదే పూజారి. తర్వాత వచ్చిన దొంగ వృత్తికి మూలం కాలిఫోర్నియాలో ఒక ఆటవస్తువుల దుకాణంలో చేరే ఆటగాళ్లు. వాళ్ల ఆలోచన గైగాక్స్ చెవిన పడింది, 1975లో గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకంలో దొంగ చేరాడు. అదే ఏడాది స్ట్రాటజిక్ రివ్యూ అనే వాళ్ల పత్రికకు జో ఫిషర్ అనే అభిమాని అడవిలో తిరిగే రేంజర్‌ను రాసి పంపాడు. 1976లో అదే పత్రికలో డగ్ ష్వెగ్‌మన్ బార్డ్ అనే పాటగాణ్ణి రాశాడు. ఆ పాటగాడికి కొంచెం కత్తి, కొంచెం దొంగతనం, కొంచెం మంత్రం వచ్చు.

ఈరోజు పెద్ద పుస్తకాల్లో రంగుల బొమ్మలతో కనిపించే ఈ వృత్తుల్లో చాలావరకు ఎవరో ఒకరి ఇంటి టేబుల్ మీద పుట్టినవే. ముందు ఇల్లు, తర్వాతే పుస్తకం.

కలపడం, మారడం

ద్రోణుడి దారి, విశ్వామిత్రుడి దారి అని పైన అనుకున్నాం. ఈ ఆటలో ఆ రెండు దారులూ ఉన్నాయి.

1974 పుస్తకంలో ఎల్ఫ్ అనే జాతి ఉంది. పాశ్చాత్య కథల్లో అడవుల్లో ఉండే, చాలా కాలం బతికే మనుషుల్లాంటివాళ్లు. ఎల్ఫ్ ఒక సాహసంలో యోధుడిగా, ఇంకో సాహసంలో మంత్రగాడిగా ఉండొచ్చు. ఒకే ఆట మధ్యలో మాత్రం మారకూడదు. పైగా యోధుడిగా 4వ లెవెల్, మంత్రగాడిగా 8వ లెవెల్ దాటకూడదు. 1975లో రూల్ కొంచెం మారింది. రెండు మూడు వృత్తులు ఒకేసారి ఉంచుకోవచ్చు, కానీ వచ్చిన అనుభవాన్ని వాటి మధ్య సమానంగా పంచాలి. ఇది కలపడం.

మనుషులకు వేరే రూల్. 1978లో వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ప్రకారం మనిషి రెండు వృత్తులు ఒకేసారి పెంచుకోలేడు. మొదటిదాన్ని ఆపి రెండోది మొదటి లెవెల్ నుంచి మొదలుపెట్టాలి. పాత వృత్తికి కావాల్సిన ముఖ్య గుణంలో 15, కొత్త వృత్తికి 17 ఉండాలి. మూడు పాచికలు వేస్తే 17గాని 18గాని పడేది 216 విధాల్లో 4 విధాలే. అంటే ఈ దారి కొద్దిమందికే. ఇంకో కఠినమైన షరతు కూడా ఉంది. కొత్త లెవెల్ పాత లెవెల్‌ను దాటేదాకా పాత విద్య వాడకూడదు. వాడితే వచ్చే అనుభవం సున్నా. దాటిన తర్వాత మాత్రం రెండు విద్యలూ చేతికొస్తాయి. ఇది మారడం.

నిజ జీవితంలో ఇలా మారినవాడు మీర్ సుల్తాన్ ఖాన్. పంజాబులో పుట్టి చిన్నప్పుడు మన దేశపు పాత రూల్స్‌తో చదరంగం నేర్చుకున్నాడు. ఆ రూల్స్ యూరప్ రూల్స్ కంటే వేరు, రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు కూడా. పెద్దయ్యాక యూరప్ రూల్స్ నేర్చుకుని 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు.

ఇంటి లెక్క

మేం ఆదివారాలు ఈ ఆట ఆడతాం. మా పెద్దనాన్న కొడుకు, అంటే మా అన్న, కథ నడుపుతాడు. నేను, తమ్ముడు, బడి స్నేహితులు ఇద్దరు, పక్కింటి కన్నడ అబ్బాయి ఆడతాం. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, ఆట తెలుగులో, కొట్లాట కన్నడలో. నాలుగు ముఖాల పాచిక, ఎనిమిది ముఖాల పాచిక లేవు కాబట్టి డబ్బాలో చీటీలు వేసి తీస్తాం.

మేం వాడేది 1981లో వచ్చిన బేసిక్ పుస్తకం రూల్స్. అందులో ఎల్ఫ్ అంటేనే ఒక వృత్తి, యోధుడు మంత్రగాడు కలిసిన వృత్తి. రెండో లెవెల్‌కు యోధుడికి 2000 పాయింట్లు, మంత్రగాడికి 2500, ఎల్ఫ్‌కు 4000 కావాలి. రెండూ కూడితే 4500, అంటే ఎల్ఫ్‌కు 500 తగ్గించారు. ప్రాణబలానికి యోధుడిది ఎనిమిది ముఖాల పాచిక, మంత్రగాడిది నాలుగు, ఎల్ఫ్‌ది ఆరు. సరిగ్గా మధ్యది! దీన్ని చూస్తే రెండు వృత్తులు ఎలా కలపాలో పుస్తకమే చెప్పకుండా చెప్పినట్టు ఉంది. చాలామంది ఇళ్లల్లో ఆడేవాళ్లు ఇలా కూడికతోనే సొంత వృత్తులు తయారు చేసుకున్నారు. మా ఇంటి రూల్ కూడా అదే, మూడు ముక్కల్లో చెప్పొచ్చు:

1. రెండు వృత్తుల పాయింట్లు కూడాలి.
2. ప్రాణబలం పాచిక రెండిటికీ మధ్యది.
3. కట్టుబాట్లలో ఏది కఠినమో అదే చెల్లుతుంది. దొంగ తోలు కవచమే వేసుకోవాలి కాబట్టి యోధుడు-దొంగ కూడా ఆ పని చేయాలంటే తోలు కవచమే.

యోధుడు-దొంగకు ఎంత అవుతుందో చూద్దాం. దొంగకు రెండో లెవెల్‌కు 1200. యోధుడి 2000తో కలిపితే 3200. ఆ తర్వాత లెవెల్‌కు రెట్టింపు, 6400. ఆ పైన 12,800. ఇప్పుడు అందరికీ 8000 పాయింట్లు వచ్చాయనుకోండి. ఒట్టి యోధుడు 4వ లెవెల్. ఒట్టి దొంగ కూడా 4. రెండూ కలిపినవాడు 3. ఒక్క మెట్టే వెనక! ఎందుకంటే ప్రతి మెట్టుకూ ఖర్చు దాదాపు రెట్టింపు అవుతుంది కాబట్టి. మొదట్లో రెండు విద్యలకు వెల ఒక్క మెట్టు.

మా తమ్ముడు మాత్రం యుద్ధం, మంత్రం, దొంగతనం మూడూ కావాలన్నాడు. కూడితే 5700. 8000 దగ్గర వాడు ఇంకా 2వ లెవెల్‌లోనే ఉంటాడు, అంటే రెండు మెట్లు వెనక. లెక్క చూపించాక వాడే ఒక వృత్తి వదిలేశాడు. ఎవరూ వద్దనలేదు. వెల ఎంతో కళ్లకు కనపడింది, అంతే.

తర్వాతి కాలంలో పుస్తకాలు కూడా మెత్తబడ్డాయి. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో ఎవరైనా లెవెల్ పెరిగినప్పుడల్లా ఏ వృత్తి అయినా తీసుకోవచ్చు. వృత్తుల మధ్య లెవెల్ తేడా మరీ ఎక్కువైతే అనుభవంలో కోత పడేది. 2014 ఎడిషన్‌లో ముఖ్య గుణం 13 ఉంటే చాలు, కానీ కథ నడిపేవాళ్లు ఒప్పుకుంటేనే అని పెట్టారు. నలభై ఏళ్లు తిరిగి నిర్ణయం మళ్లీ ఇంటికే వచ్చింది.

ఇది మనకెందుకు?

మన బడిలో చదివేవాళ్లందరం రెండు వృత్తులవాళ్లమే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, పుస్తకాల్లో తెలుగు, పదో తరగతి అయ్యాక కాలేజీలో ఇంగ్లీషు. వచ్చే ఏడాది మా బ్యాచ్ మారాలి. మా తమ్ముణ్ణి ఇప్పుడే ఇంగ్లీషు మీడియంకు మార్చాలా వద్దా అని మా ఇంట్లో మాటలు నడుస్తున్నాయి. నాన్న మార్చాలంటారు. అవ్వ వద్దంటుంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

రెండేళ్ల కింద ఇక్కడ చదివి వెళ్లిన ఒక అక్క నాతో ఒక మాట చెప్పింది. పీయూసీ మొదటి ఏడాదిలో కిరణజన్య సంయోగక్రియ గురించి ఆమెకు అంతా తెలుసు. ఫొటోసింథసిస్ అన్నా అదేనని మొదటి వారం తెలియలేదు. తెలిసిన జవాబును గొంతులోనే పెట్టుకుని కూర్చుందట. 1978 పుస్తకంలో మనిషి రూల్ ఇదే కదా. పాత విద్య నీ దగ్గరే ఉంది, కానీ వాడితే మార్కులు సున్నా. అక్క రెండో ఏడాదికి ఆ మెట్టు దాటింది. ఇప్పుడు రెండు భాషల్లోనూ చెప్పగలదు. ఆ రూల్ చివరికి రెండూ తిరిగి ఇస్తుంది, నిజమే. కానీ మధ్యలో ఉన్న ఆ ఏడాది చాలా కష్టం. కొందరు ఆ మధ్యలోనే ఆగిపోతారు.

మా ఆదివారం ఆటలో ఆ రూల్‌ను మేం మార్చుకున్నాం. కొత్త వృత్తికి మారినవాళ్లు పాత విద్య వాడొచ్చు, అప్పుడు అనుభవం సున్నా కాదు, సగం వస్తుంది. గట్టికి సగం నడక ఉన్నట్టే. దీనివల్ల ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోవడం లేదు, అలాగని కొత్త విద్య నేర్చుకోవడం మానడం లేదు.

బడిలో కూడా ఇలాంటి ఇంటి రూల్ ఒకటి పెట్టుకోవచ్చని నాకు అనిపిస్తుంది. ఎనిమిదో తరగతి నుంచే సైన్స్, లెక్కల నోటు పుస్తకం చివర రెండు వరసలు గీసుకుని ఒకవైపు తెలుగు మాట, ఇంకోవైపు ఇంగ్లీషు మాట రాసుకుంటూ పోతే మూడేళ్లలో ఒక చిన్న నిఘంటువు తయారవుతుంది. లంబకోణం పక్కన రైట్ యాంగిల్, గురుత్వాకర్షణ పక్కన గ్రావిటీ. దీనికి రోజూ కొంచెం టైమ్ పోతుంది. అదే వెల. కానీ కాలేజీలో మొదటి వారం నోరు మూసుకుని కూర్చోవడం కంటే ఇది చౌక. నేను, ఇద్దరు స్నేహితులు జూన్ నుంచి రాస్తున్నాం, ఇప్పటికి నాలుగు వందల మాటలు దాటాయి. కావాల్సినవాళ్లు మా దగ్గర తీసుకుని కాపీ చేసుకోవచ్చు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. తెలుగులో ఉంచినా, ఇంగ్లీషుకు మార్చినా దానికి ఒక వెల ఉంటుంది. ఆ వెల ఎంతో మాకు ముందే చెప్పండి, మాతో కూర్చుని లెక్క వేయండి. మా తమ్ముడి విషయం మా ఇంట్లో ఇంకా తేలలేదు. ఈసారి ఆ లెక్క వేసేటప్పుడు వాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుందామని నాన్న అన్నారు.